మొదటి లైను

ఉదయం తొమ్మిదింటికే అమ్మ వంటింట్లో కుక్కర్ని కూత వెయ్యొద్దని బతిమాలుతోంది. వారం రోజులుగా చిన్నకూతురు బయటి చప్పుడు రాకుండా గదినిండా దుప్పట్లు వేలాడదీసి, తన సొంత పాటలు క్యాసెట్‌లో రికార్డు చేసుకుంటోంది. ఒక్కతే. పద్దెనిమిదేళ్ళుగా కచేరీల్లో అక్కాచెల్లెళ్ళిద్దరూ జంటగా పాడుతున్నవాళ్ళు.

ఆ "ఒక్కతే"కే అమ్మకు నిద్ర పట్టడం లేదు. మనుషులు వేరుపడటం ఆమె చాలాసార్లు చూసింది. అందుకే రెండు వీధుల అవతలున్న పెద్దదానికి ఫోన్ చేసేసింది.

పెద్దది చెప్పులైనా విప్పకుండా గదిలోకి వచ్చింది. "ఏమే, నేను చచ్చాననుకున్నావా?"

"అబ్బా, అక్కా! రికార్డవుతోందే!"

"అవనీ. నా తిట్లు కూడా ఎక్కనీ. నన్నొదిలేసి పాడటానికి నీకు మనసెలా ఒప్పిందే?"

"వదలడమేంటి? నలభై ఏళ్ళొచ్చాయి. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, పాట మొత్తం నేనే పాడితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది." చిన్నది రికార్డింగ్ ఆపేసింది. "సాయంత్రంలోగా ఇస్తే కాపీలు తీస్తానన్నాడు క్యాసెట్ల షాపాయన."

"పెట్టు, వింటాను."

గిటార్ మోగింది. తరవాత నిశ్శబ్దం. అందులో మొన్నటి కుక్కర్ కూత ఒకటి. అప్పుడు చిన్నదాని గొంతు, తిన్నగా రెండో లైనుతో.

"మొదటి లైనేదే?"

చిన్నది తెల్లబోయింది. "అది... నువ్వు పాడతావుగా!"

ఆరు పాటలూ అంతే. ప్రతిదాంట్లోనూ అక్క పాడేదాకా ఆగి, మర్యాదగా అందుకుంది. పెద్దది నవ్వాపుకోలేక మంచమ్మీద కూలబడింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

అమ్మకు ప్రాణం లేచొచ్చింది. "చూశారా! ఆ ఖాళీల్లో నువ్వు పాడెయ్యవే పెద్దదానా, గొడవొదిలిపోతుంది."

పెద్దది నోరు తెరిచింది. చెల్లెలి మొహం చూసి మూసుకుంది.

"మళ్ళీ మొదలెట్టవే. నేను చెయ్యి ఊపగానే ఎత్తుకో. నాకోసం ఆగావో, తంతాను."

మొదటిసారి పీలగా వచ్చింది. రెండోసారి బొంగురుగా. మూడోసారి వచ్చింది మాత్రం ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతు. అమ్మ పొయ్యి ఆపేసి గుమ్మంలో కూర్చుంది.

మూడింటికల్లా ఆరు పాటలూ అయ్యాయి.

"చివర్లో కాస్త టేపు మిగిలిందిగా, ఇద్దరూ కలిసి ఒక్కటి..." అంది అమ్మ.

పెద్దది క్యాసెట్ తీసి, దాని అంచునున్న రెండు ప్లాస్టిక్ రేకుల్నీ పెన్నుతో విరగ్గొట్టేసింది. అవి పోతే దానిమీద ఇంకేదీ రికార్డవదు.

"ఇక దీనిమీద ఎవరి గొంతూ ఎక్కదమ్మా. నాది కూడా."

చిన్నది అక్కను వాటేసుకుని భోరుమంది. "మరి... ఆదివారం కచేరీకి వస్తావా?"

"రాక? అక్కడ మొదటి లైను నాదే. ఈ జోరులో ఎత్తుకునేవు, జాగ్రత్త!"