బొగ్గుల మీద కోపం

"మసి పని నాకు, ముందు సీటు వాడికా?"

శరణమ్మ గొణుక్కుంటూ సుత్తెతో ఒక్కటి కొట్టింది. బొగ్గు పొడిపొడి అయింది.

జహీరాబాద్‌లో వాళ్ల ఇంటి ముందు కారు నిలబడి ఉంది. రేపు పొద్దున్నే అవ్వ మహాదేవమ్మను పట్నం దవాఖానకు తీసుకుపోవాలి. అవ్వ కళ్లకు పొర కమ్మింది. ఆపరేషన్ చేసే డాక్టరు ఎల్లుండి సముద్రం దాటి సీమకు వెళ్లిపోతున్నాడు. రేపు తప్పితే మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలియదు.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరకడమే గగనం. అందుకే కారు వెనక ఒక ఇనుప డ్రమ్ము బిగించారు. అందులో బొగ్గులు మండిస్తే వచ్చే గ్యాసుతోనే కారు నడవాలి. బొగ్గుల్ని నిమ్మకాయంత ముక్కలుగా కొట్టాలి. జల్లెడ పట్టి, పొడి పారెయ్యాలి. పొడి పడితే గ్యాసుకు దారి ఉండదు, కారు ఆగిపోతుంది.

ఆ పనంతా శరణమ్మ మీద పడింది. తమ్ముడు విరూపాక్ష మాత్రం మెత్తని గుడ్డతో కారు లైట్లు తుడుస్తున్నాడు. తుడిచిన లైటులో తన పళ్లు చూసుకుని ఇకిలిస్తున్నాడు.

"రేపు బండి నడిపే గురులింగప్ప కాక పక్కన నేనే కూసుంట. హారన్ గూడ నేనే కొడ్త!"

నాయిన చెన్నబసప్ప అటుగా వచ్చాడు. "ఏం బిడ్డా, అయితున్నదా?"

"ఆఁ" అంది శరణమ్మ మూతి ముడుచుకుని.

నాయిన అటు వెళ్లగానే పొడి కుప్పను దోసిళ్లతో ఎత్తి గోనెసంచిలో పోసింది. పైన మంచి ముక్కలు పేర్చి మూతి కట్టేసింది. 'కొట్టు బిడ్డా, హారన్ ఎట్ల కొడ్తవో చూస్త' అనుకుంది. ఆ కోపంలో అవ్వ గుర్తుకే రాలేదు.

సాయంత్రం నాయిన తమ్ముడు గురులింగప్ప కాక బండిని ఒకసారి నడిపి చూద్దామన్నాడు. దుమ్ముకు మొహం తిప్పుకుని సంచిని డ్రమ్ములో గుమ్మరించాడు. నిప్పు రాజేసి, చెమటలు కక్కుతూ హ్యాండిల్ తిప్పాడు. కారు వీధి చివరిదాకా పోయింది. ఖళ్లు ఖళ్లుమని దగ్గి ఆగిపోయింది. నలుగురూ కలిసి దాన్ని వెనక్కి నెట్టుకొచ్చారు.

నాయిన కాక మీద విరుచుకుపడ్డాడు.

"బండి మంచిగున్నదంటివి గదరా! రేపు తొవ్వల ఆగితే అమ్మను భుజాల మీద మోస్తవా?"

"నన్నంటవేందన్నా? నేనేం జేసిన?" కాక హ్యాండిల్‌ను నేలకేసి కొట్టాడు. "నువ్వే నడుపుకో పో!"

"వద్దు! పోవుడే వద్దు!" అని అరిచాడు నాయిన.

అరుగు మీద కూర్చున్న అవ్వ అటు తిరిగింది. "కొట్లాడకున్రి బిడ్డా. కండ్లు కనబడకుంటె ఏమాయె, మీ గొంతులు ఇనబడుతున్నయి గద."

శరణమ్మకు ఏడుపొచ్చింది. తన మీద తనకే కోపమొచ్చింది.

"కాక తప్పు కాదు!" అని అరిచింది. "పొడి నేనే కలిపిన!"

నాయిన చెయ్యెత్తాడు.

"ఆగు చెన్నబసప్పా" అంది అవ్వ. "ఎందుకు కలిపినవే?"

"వాడేమో లైట్లు తుడుసుడు, ముందు సీటు. నేనేమో మసిల కూసునుడు. నాకు కోపం రాదా?"

"ఎందుకు రాదు? నాకైనా వస్తది. గా మాట మీ నాయినతోని అనాలె గని, బొగ్గులతోని అంటవా?"

నాయిన ఎత్తిన చెయ్యి దించాడు. కాక డ్రమ్ములో నిప్పార్పి, పొడంతా కిందికి లాగాడు. శరణమ్మ ఎవరూ చెప్పకముందే ఇంకో గోనె బొగ్గులు ఈడ్చుకొచ్చి జల్లెడ అందుకుంది. నాలుగుసార్లు ఆడించి, తలెత్తి నాయిన కళ్లలోకి చూసింది.

"నాయినా, నాకింకా కోపంగనే ఉన్నది. తమ్ముడు గూడ బొగ్గులు కొట్టాలె. తిరిగొచ్చేటప్పుడు ముందు సీటు నాది."

నాయిన ఆమె వైపు చూశాడు. తర్వాత విరూపాక్ష చేతిలోని గుడ్డ లాగేసి సుత్తె పెట్టాడు. "కూసో, అక్క పక్కన."

"నా చేతులు మసైతయి!" అన్నాడు వాడు ఏడుపు మొహంతో.

"కానియ్యి!" శరణమ్మ ఒక పెద్ద బొగ్గును వాడి ముందుకు నెట్టింది. "నిమ్మకాయంతనే కొట్టు. చిటికెడు పొడి గూడ పోవద్దు. పొద్దుగాల అవ్వ పట్నం పోవాలె."