బ్రౌన్ బంతి కూర్చోని మధ్యాహ్నం

మే నెలలో కర్నూలులో మధ్యాహ్నం రెండింటికి కుక్కలు కూడా వీధిలోకి రావు. జ్ఞానేశ్వర్ నడిపే స్నూకర్ క్లబ్బు మాత్రం చల్లగా ఉంటుంది. కిటికీల్లేని హాలు, నాలుగు బల్లలు, పైన ఏసీ. భూములున్న ఇళ్ల కుర్రాళ్లూ, అంగళ్ల ఓనర్లూ ఎండ తగ్గేదాకా అక్కడే కాలం గడుపుతారు. అందరిలోకీ బాగా ఆడేది హర్షవర్ధన్. పోయిన నెల క్లబ్బు పోటీలో కప్పు గెలిచింది కూడా అతనే. ఆ కప్పును బీరువాలో బట్టల వెనక పెట్టాడు. ఎందుకురా అని వాళ్లమ్మ అడిగితే దుమ్ము పడుతుందన్నాడు.

దుమ్ము సంగతి కాదు, సిగ్గు సంగతి.

ఆ క్లబ్బులో ఇరవై ఏళ్లుగా మార్కర్ పని చేసినవాడు సుంకప్ప. బంతులు తడిగుడ్డతో తుడవడం, పేర్చడం, పాయింట్లు రాయడం అతని పని. పదిహేను ఎర్ర బంతులు ట్రయాంగిల్‌లో బిగించాక, రంగు బంతుల్ని ఒక్కొక్కటే వాటి చుక్కల మీద పెట్టి, మూడు వేళ్లతో మెల్లగా అదిమి, "కూసుంటివా?" అని బంతినే అడిగి చెయ్యి తీసేవాడు. అందరూ నవ్వేవాళ్లు. కానీ ఆట మధ్యలో ఏ బంతి ఎక్కడుండిందో అడిగితే వెంట్రుకవాసి తేడా లేకుండా చూపించేవాడు. చొక్కా తగిలి బంతి కదిలితే ఆడేవాడే "ఫౌల్" అనాలి, సుంకప్ప దాన్ని పాత చోట పెట్టాలి. అక్కడి పద్ధతి అది.

ఫైనల్ రోజు హర్ష వంగి ఆడుతుంటే చొక్కా చెయ్యి తగిలి బ్రౌన్ బంతి బొటనవేలంత జరిగింది. హర్షకు తెలిసింది. ఫౌల్ అని మాత్రం అనలేదు. సుంకప్ప దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు.

"అప్పా, బ్రౌన్ జరిగింది. నువ్వే చెప్పు."

"నీకు కండ్లు కనపడ్డం లేదు ముసలోడా" అన్నాడు హర్ష, అందరికీ వినపడేలా.

చుట్టూ పద్నాలుగు మంది ఉన్నారు. హర్ష నాయన మాటకు ఊళ్లో చెల్లుబాటు ఉంది. అందరూ తేలు కుట్టిన దొంగల్లా ఊరుకున్నారు. కండ్లు కనపడని మార్కర్ ఎందుకని జ్ఞానేశ్వర్ మర్నాడే పని మాన్పించాడు. సుంకప్ప మంచం పట్టి, మళ్లీ లేవలేదు.

ఈ రోజు అతని పెద్దదినం, పోయి పదకొండో నాడు. రెండింటికి, హాల్లో హర్ష, జ్ఞానేశ్వర్ తప్ప ఇంకెవరూ లేనప్పుడు, సుంకప్ప భార్య గురమ్మ క్లబ్బు మెట్లెక్కి వచ్చింది.

"కాకి ముట్టలేదు నాయనా" అంది హర్షతో. "పొద్దున్నుంచి కూడు పెట్టుకోని కూసున్యాం. పోయేదాకా ఆయప్పది ఒకటే మాట. బంతి జరిగింది, నా కండ్లు బాగుండాయి అని. నిజం చెప్పు. ఇంకేమీ వద్దు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, హర్ష చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"లేదవ్వా. జరగలేదు."

పక్కనున్న జ్ఞానేశ్వర్ నేల చూశాడు. ఆమె బయటికి నడిచింది. హర్ష చెవులు కాలిపోయాయి. చచ్చినవాడి నోటికాడ ముద్ద తీసేశానే అనుకున్నాడు. అయినా వెనకాల పోలేదు.

జ్ఞానేశ్వర్ సోడా తాగొస్తానని బయటికి పోయాడు. ఏదో ఒకటి చెయ్యాలి కదా అని హర్ష బంతులు పేర్చసాగాడు. ఎర్రవి బిగించాడు. నలుపు, గులాబీ, నీలం, పసుపు, ఆకుపచ్చ పెట్టాడు. చివరికి బ్రౌన్ చేతికి తీసుకున్నాడు.

కరెంటు పోయింది.

ఏసీ హోరు ఆగి, హాలంతా చీకటయింది. ఎక్కడినుంచో తడిగుడ్డ వాసన. బీడీ వాసన. ఫోన్ లైటు వేసి, బ్రౌన్‌ను చుక్క మీద పెట్టి చెయ్యి తీశాడు. అది మెల్లగా పక్కకు జరిగింది. బొటనవేలంత.

మళ్లీ పెట్టాడు. మళ్లీ జరిగింది... అంతే దూరం.

మూడోసారి వేళ్లతో అదిమి పట్టుకున్నాడు. అతని వేళ్ల మీద ఇంకో మూడు వేళ్లు ఆనాయి. తడిగా... చల్లగా...

"కూసుంటివా?"

చెవి పక్కనే. ఊపిరి తగిలింది.

హర్ష బయటికి పరుగెత్తాడు. గురమ్మ ఇంకా మెట్ల మీదే కూర్చుని ఉంది, ఎండకు నడవలేక. ఆమె పక్కన కూలబడి గుసగుసగా అన్నాడు. "జరిగిందవ్వా. నా చొక్కానే తగిలింది."

ఆమె అతని మొహం చూసింది.

"ఆ పొద్దు అందరి ముందర గదా అంటివి. ఈడ నా చెవిలో చెప్తే యేం లాభం?"

హర్ష లేచాడు. సోడా బండి దగ్గరున్న వాళ్లంతా తిరిగి చూసేలా అరిచాడు. "ఫౌల్ నాది! సుంకప్ప చెప్పిందే నిజం. అబద్ధమాడింది నేను!"

గురమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. "కాకికి ఇంకొక తూరి కూడు పెట్టి చూస్తా" అని ఇంటిదారి పట్టింది.

సోడా సీసా పట్టుకునే జ్ఞానేశ్వర్ వచ్చాడు. "నాకు తెలుసు హర్షా" అన్నాడు. "నేనూ చూసినా. అందరం చూసినాం."

ఇద్దరూ లోపలికి పోయారు. ఫోన్ వెలుగులో బ్రౌన్ తన చుక్క మీద కదలకుండా ఉంది. హర్షకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు బల్ల మధ్యలో నీలం బంతి కదిలింది. మెల్లగా... జ్ఞానేశ్వర్ నిలబడ్డ వైపుకు.

జ్ఞానేశ్వర్ సీసా బల్ల అంచున పెట్టాడు. "నువ్వు బయట ఉండప్పా" అని గొణిగి, హర్షను బయటికి పంపి లోపలినుంచి గడియ పెట్టుకున్నాడు.

హర్ష మెట్ల మీదికి వచ్చేసరికి, మండే ఎండలో మనుషులు వస్తున్నారు. నూనె అంగడి బొజ్జన్న. వెనక రంగన్న. ఆ వెనక ఇంకొందరు. అందరూ ఆ రోజు బల్ల చుట్టూ ఉన్నవాళ్లే. కాళ్లకు చెప్పుల్లేవు. అన్నం చేతులు కూడా కడుక్కోలేదు. వాళ్లకు ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఊపిరి తగిలినట్టు ఒక్కొక్కరూ చెవి తుడుచుకుంటున్నారు.

బొజ్జన్న మెట్టు దగ్గర ఆగి, మూసిన తలుపు వైపు చూస్తూ మెల్లగా అడిగాడు.

"ఇప్పుడు జరిగింది ఏ బంతి?"