గిటారు మీద పళ్ళ గాట్లు

ఆ సంగీతం బడిలో పొద్దు వాలాక కిందిగదికి ఎవరూ దిగరు. మెట్ల మీద దీపం వెలుగుతున్నా సరే, దిగరు. తాళం వేసిన గదిలోంచి రాత్రిళ్ళు ఒక ఏడుపు వస్తుందట — సన్నగా మొదలై, పెరిగి పెరిగి, మేడంతా దద్దరిల్లి... ఠక్కున ఆగిపోతుందట.

ఎవరో చనిపోయినవాళ్ళు వచ్చి వాయిస్తున్నారని పిల్లలన్నారు. పెద్దవాళ్ళు కాదనలేదు.

తీగల అక్క మాత్రం నవ్వేసింది. వాయిద్యాలు బాగుచేసే ఆమెను అక్కడ అందరూ పిలిచేది అలాగే. చిన్నప్పుడు ఇదే బడిలో పాట నేర్చుకుంది. గొంతు కుదరలేదు, చేతులు కుదిరాయి. పాట వదిలేసి పనిముట్లు పట్టింది.

"నవ్వకక్కా," అన్నాడు బడి నడిపే చిన్నసారు. "మొన్నే కదా కిందిగది గిటారుకి కొత్త బ్యాటరీ వేశావు? తెల్లారేసరికి చచ్చింది. ఇంకోసారి ఇలాగే అయితే నేను వేరేవాళ్ళని చూసుకుంటాను."

అక్కకి ఒళ్ళు మండింది. తన పనికి వంక పెట్టినవాడు ఇంతవరకు లేడు.

చూడ్డానికి అది మామూలు చెక్క గిటారే. కడుపులో మాత్రం కరెంటు సరంజామా ఉంది. తీగలు ఆనే పట్టీ కింద చెక్క వణుకుని పట్టే సన్నటి పికప్, పక్కన బ్యాటరీ గూడు, భుజం మీద బుల్లి మీటలు. అక్క అన్నీ విప్పింది. బ్యాటరీ ఆనేచోట పట్టిన పచ్చటి చిలుము గీకేసింది, పొడిగుడ్డతో తుడిచింది, వదులైన వైరు అతికించి కొత్త బ్యాటరీ వేసింది.

"స్పీకరు వైరు గుచ్చితే చాలు చిన్నసారూ, ఇది మేలుకుంటుంది. మీరు వాయించినా, వాయించకపోయినా బ్యాటరీని తాగేస్తూనే ఉంటుంది. మీవాళ్ళు రాత్రి వైరు పీకడం మర్చిపోతున్నారు, అంతే."

చిన్నసారు గొంతు తగ్గించాడు. "నేనే పీకుతున్నానక్కా. పీకి, తాళం వేసి వెళ్తున్నాను. పొద్దున్న వచ్చి చూస్తే... గుచ్చి ఉంటోంది."

అప్పుడు పడింది ఆమె కన్ను. గిటారు అంచున వార్నిష్ లేచిపోయి, తెల్లటి చెక్క బయటపడి, దాని మీద వరసగా గాట్లు. ఎలుక కొరికిందేమో అనుకుంది. వేలితో తడిమి చూసింది. ఎలుక గాటు ఇంత వెడల్పుండదు.

మనిషి పళ్ళు.

"ఇవాళ రాత్రి నేనీ కిందిగదిలోనే ఉంటాను," అంది. "బయట తాళం వేసి వెళ్ళండి."

"పిచ్చా నీకు?"

"వేసి వెళ్ళండి."

దీపం ఆర్పేసి, పేర్చిన కుర్చీల వెనక కూర్చుంది. పైన అడుగుల చప్పుడు సద్దుమణిగింది. కునుకు పట్టబోతుంటే... తాళం తిరిగింది.

తలుపు తెరుచుకుంది. ఎవరో లోపలికొచ్చారు. చీకట్లో ఒక్కసారైనా తడబడలేదు ఆ అడుగు. వైరు గుచ్చిన చప్పుడు — టప్! ఏదో బరువైన చెక్కని స్పీకరు పెట్టె మీద ఆనించిన చప్పుడు. ఆ వెంటనే ఏడుపు.

అదేమిటో అక్కకి తెలుసు. స్పీకరు మోత గిటారు చెక్కని కుదుపుతుంది, గిటారు ఆ కుదుపుని మళ్ళీ స్పీకరుకే పంపుతుంది, అలా తిరిగి తిరిగి కూతైపోతుంది. ఎన్నిసార్లు వినలేదు! అయినా కుర్చీల వెనక ఇంకా ముడుచుకుంది.

ఎవరో మీట తిప్పారు. కూత తగ్గింది. తగ్గాక స్పీకరులోంచి... గొంతు.

మాటల్లేవు. ఒట్టి కూనిరాగం.

ఆ పికప్‌కి గాల్లో మాట వినపడదు. పక్కన నిలబడి గొంతు చించుకున్నా అంతంతమాత్రమే. చెక్కని తాకిందే దానికి వినపడేది. అంటే ఆ గొంతు ఎవరిదో గానీ... నోరు గిటారుకి ఆనించి ఉంది.

"ఎవరు?" అంది.

రాగం ఆగలేదు.

"ఎవరది!" ఈసారి అరిచింది. రాగం ఉలిక్కిపడనైనా లేదు. ఆ గదిలో ఆమె అసలు లేనట్టే సాగిపోతోంది. చచ్చిపోయింది తనేనేమో అనిపించింది అక్కకి, ఒక్క క్షణం.

ఫోను లైటు వేసింది.

పెట్టె మీద వెల్లకిలా గిటారు. దాని ముందు మోకాళ్ళ మీద ఒక ముసలాయన. కళ్ళు గట్టిగా మూసుకుని, చెక్క అంచుని పళ్ళతో కరుచుకుని ఉన్నాడు. చెంపల మీద తడి.

పాట మాస్టారు! చిన్నసారు తండ్రి. ఈ బడి పెట్టింది ఆయనే, అక్కకి మొదటి పాట నేర్పిందీ ఆయనే. చెవుల్లో చీము పట్టి వినికిడి పోయాక ఈ మేడ వెనకవాటాలో తలుపేసుకున్నారు. కొడుకుతో కూడా సైగలే. ఆయన దగ్గర ఇంకా ఒక తాళంచెవి ఉందని ఎవరికి గుర్తుంటుంది?

చెవులు పోయాయి గానీ, ఎముక బతికే ఉంది. చెక్క వణుకు పళ్ళ మీదుగా దవడలోకి, దవడ మీదుగా తలలోకి ఎక్కుతోంది. తన పాట తానే వింటున్నారాయన.

అక్క లైటు ఆర్పేసింది. ముట్టుకుంటే ఆ గుండె ఆగిపోతుందేమోనని భయమేసింది. నేల అదరకుండా పాక్కుంటూ వెళ్ళి, పెట్టెకి అవతలివైపు కూర్చుంది. పెదాలు చెక్కకి ఆనించింది.

"మాస్టారూ..."

రాగం తెగిపోయింది. పెదాల కింద గిటారు గజగజలాడింది. ఆయన దవడ అదురుతోంది. ఆయన చెయ్యి చీకట్లో అటూ ఇటూ వెతికింది... ఎవరూ తగల్లేదు.

చెక్క మీద మళ్ళీ నోరానిన చప్పుడు. స్పీకరులోంచి, గదంతా పాకుతూ, ఒక గుసగుస వచ్చింది.

"ఎవరు నువ్వు?... దెయ్యానివా?... ఎవరైతేనేం... ఇంకోసారి పిలువమ్మా."