నౌకలు మౌనం పాటించిన వేళ

తొమ్మిదింబావుకి దేవసహాయం రేడియోలో రొదను ఆపే రెండో జల్లెడ కూడా తీసేశాడు. రేడియో సందేశాలను చూసుకునే యంత్రం తరంగపాలిక అప్పటికే ఉదయపు గాలినంతా వడగట్టి, తనకు అర్థమైనదాన్ని ఎక్కడికి పంపాలో అక్కడికి పంపేసింది. మిగిలిన శేషనాదం ఆయన చెవుల్లోకి వస్తోంది. మెరుపుల పెటపెటలు, పంపుల గురగుర, వాటి మీదుగా సారథి లేని సరుకు నౌకల ఎడతెగని లెక్కల రొద.

చదువుకునే రోజుల్లో హాస్టల్ మేడ మీద తీగ కట్టి దేశదేశాలవాళ్లను పలకరించినవాడాయన. ఉద్యోగంలో పడ్డాక నలభై ఏళ్లు రేడియో ముట్టుకోలేదు. అరవై ఆరో ఏట మళ్లీ హామ్ రేడియో పరీక్ష రాసి, కాకినాడ తీరకేంద్రంలో ఈ కుర్చీ సంపాదించుకున్నాడు. జీతం లేదు. కాఫీ మాత్రం వేడిగా ఇస్తారు.

నాచు కోతకు వెళ్లిన పోలిరాజు పడవ నిన్న మధ్యాహ్నం నుంచి కనబడటం లేదు. దాని స్థానసూచిక ఆగిపోయింది. పదకొండు లోపు జాడ దొరక్కపోతే పాలిక గాలింపు డ్రోన్లను, ఆ డేగలను వేరే పనికి పంపేస్తుంది.

పది ఇరవైకి వినబడింది. టక్. టక్ టక్. చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ టక్.

షిఫ్టు అధికారిణి రెహానాను పిలిచి హెడ్‌ఫోన్ ఇచ్చాడు. ఆమె విని, తెర వంక చూసింది. ఆ చప్పుడులో మాట లేదు గనక పాలిక దాన్ని యంత్రదోషమని రాసుకుంది.

"మొన్న కూడా ఇలాగే పరిగెత్తించారు మాస్టారూ. వెళ్లి ఎవరింట్లోదో ఫ్రిజ్‌ని పలకరించి వచ్చాం."

ఆయన నవ్వాడు. "ఫ్రిజ్‌కి చెయ్యి నొప్పి పుట్టదమ్మా. నొక్కుకీ నొక్కుకీ ఎడం పెరుగుతోంది, విను. మైకులోకి నీళ్లు పోయుంటాయి. ఉత్త మీట నొక్కుతున్నాడు. అలిసిపోతున్నాడు."

ఎటునుంచో తెలియాలి. చట్రం యాంటెన్నాను ఎటు తిప్పినా నౌకల రొదే.

హామ్ లైసెన్సులో ఎవరూ చదవని నియమం ఒకటుంది. ఆపద ఉందని నమ్మిన ఆపరేటరు అందరినీ నిశ్శబ్దం కోరవచ్చు. ఆయన కుర్రతనంలో అది నియమం కాదు, మర్యాద. బలహీనమైన గొంతు వినబడితే తక్కినవాళ్లు ఊరుకునేవారు. నౌకలకు ఆ మర్యాద ఎవరూ నేర్పలేదు, నియమం మాత్రం రాసిపెట్టారు. కోరిక పొరపాటని తేలితే లైసెన్సు పోతుంది, మళ్లీ రాదు.

రెహానా అదే గుర్తుచేసింది. మాట్లాడుకోకుండా కదలలేని మూడొందల నౌకలు నడిసముద్రంలో ఆగిపోతాయి, రేవులన్నీ తారుమారవుతాయి, మీరు ఇక ఈ కుర్చీలో కూర్చోలేరు అంది. అంటూనే వెళ్లి, బయటి చప్పుడు రాకుండా తలుపు మూసింది.

దేవసహాయం మీట నొక్కి తన పేరు చెప్పాడు. "ఆపద. అన్ని నౌకలూ మౌనం పాటించండి. పోలిరాజూ, వింటున్నాం. నొక్కుతూనే ఉండు."

తెర మీద నౌకల పచ్చచుక్కలు ఒక్కొక్కటే నిలిచిపోయాయి. చెవుల్లో రొద సన్నగిల్లి, ఆగింది. టక్.

చట్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పాడు. నూట ఐదు డిగ్రీల దగ్గర శబ్దం మాయమైంది. చట్రం ముఖం మనిషికి సరిగ్గా ఎదురైతే అలాగే మాయమవుతుంది. మనిషి నొక్కడం ఆపినా మాయమవుతుంది. కొంచెం వెనక్కి తిప్పాడు.

టక్.

"నూట ఐదు," అన్నాడు. రెహానా డేగలను అటు మళ్లించింది.

పాలిక ఎర్రటి అక్షరాల్లో గడువు అడుగుతోంది. నౌకలు ఎన్ని నిమిషాలు ఆగాలో చెప్పాలట.

"ఏం రాయమంటారు మాస్టారూ?"

"అతన్ని నీళ్లలోంచి తీసేదాకా."

ఆ గడిలో అంకెలే పడతాయి. రెహానా దాన్ని ఖాళీగా వదిలేసి, రెండో హెడ్‌ఫోన్ తగిలించుకుంది.