సున్నం ఆరేదాకా

“ఇంత పొద్దెక్కి వస్తే ఎట్లప్పా? జాజు ఎప్పుడో నానింది. బిన్నా మొదలుపెట్టు.”

ఈశ్వరి బకెట్టు తెచ్చి వీరేష్ కాళ్ల దగ్గర పెట్టింది. అందులో ఎర్రమట్టి నీళ్లు. అంచు మీద పాత చీరపేలిక.

వీరేష్ భుజం మీది సాక్సోఫోన్ పెట్టె దించలేదు.

“బెంగళూరు నుంచి వస్తున్నానండీ. ఫోన్ చేశాను కదా. జాజ్ ఆర్టిస్ట్‌ని.”

“నేను చెప్పేదీ అదే గదా. జాజు ఆర్టిస్టువి. గోడ ఈడ ఉండాది. సాయంత్రం చుట్టాలొస్తారు.”

సోమందేపల్లె దగ్గర హైవే దిగి లోపలికి వెళ్తే వచ్చే ఊరది. అక్కడ జాజు అంటే ఒకటే అర్థం. గోడకూ గడప పక్కనా పూసే ఎర్రమట్టి. ఫోన్ ఎత్తింది ఈశ్వరి తల్లి మారెక్క. “శనివారం వస్తాను, జాజ్ ఆర్టిస్ట్‌ని” అని అతను అన్నాడు. “రా నాయనా, గోడలన్నీ వెలిసిపోయినాయి” అని ఆమె అంది. అతను దాన్ని ఆప్యాయత అనుకున్నాడు. పట్నంలో ఉండేవాళ్లు పల్లెలో ఏ మాట విన్నా ఆప్యాయతే అనుకుంటారు.

“జాజు కాదండీ, జాజ్. సంగీతం.” పెట్టె తెరిచి చూపించాడు.

మారెక్క లోపలి నుంచి వచ్చి తొంగి చూసింది. “ఇదేందే? ఇత్తడి హుక్కా తెచ్చినాడు!”

అరుగు మీద మంచంలో ఉన్న ఈశ్వరి తండ్రి బాలప్ప నవ్వాడు. వీరేష్ అతని దగ్గరికి వెళ్లి వంగాడు.

“పెదనాయనా, మీ ఉరుము వినాలని వచ్చాను.”

ఉరుము రెండు మూతుల వాద్యం. ఒక పక్క కొడతారు. రెండో పక్క వంపు పుల్లతో రుద్దుతారు. రుద్దితే మబ్బు గొణిగినట్టు ఉంటుంది. ఆ నేలలో ఆకాశం ఉరమడం తక్కువ. తోలు ఉరుమే ఎక్కువ.

బాలప్ప కుడి చెయ్యి ఎత్తబోయాడు. అది లేవలేదు. పోయిన ఏడు పక్షవాతం తీసుకుపోయింది.

“ఇప్పుడు వాయించేది నేను కాదప్పా. మా పాప.”

“అయితే ఆమెదే వింటాను.”

“వినల్లంటే గోడ పూయల్ల,” అంది ఈశ్వరి. “పూసేటోడు యాడ సచ్చినాడో రాలేదు. నువ్వొచ్చినావు.”

“నేను బొమ్మలు కూడా వేస్తానండీ. ఎగ్జిబిషన్ కూడా పెట్టాను.”

“అట్లయితే ఈ గోడ నీకి ఒగ లెక్కా?”

వీరేష్ చొక్కా చేతులు మడిచాడు. ఎగ్జిబిషన్ పెట్టినవాడు పేలిక ముంచాడు. సగం జాజు గోడకు అంటింది. సగం అతనికి.

“అది పూసేదా, చల్లేదా?”

“జాజ్‌లో ముందే రాసిపెట్టుకున్నది వాయించమండీ. అప్పటికప్పుడు ఏది వస్తే అది. ఇదీ అంతే.”

“మా గోడకి అప్పటికప్పుడు వద్దు. పైనించి కిందికి ఈడ్చు. పైనించి!”

“ఈడుస్తాండా గదమ్మే! కండ్లు కనపడల్యా నీకి?”

కోపంలో అండీ జారిపోయింది. ఈశ్వరి కళ్లు పెద్దవి చేసింది.

“యా ఊరప్పా నీది?”

“...హిందూపురం.”

“మరి ఆ ‘అండీ’ యాడ కొనుక్కున్న్యావు?”

అతను నవ్వకుండా ఉండలేకపోయాడు. ఆమె ఇంకో పేలిక తీసుకుని అతని పక్కనే గోడ అందుకుంది. ఆమె ఈడ్చిన చోట ఎరుపు నున్నగా పరుచుకుంది. అతను ఈడ్చిన చోట అలలు వచ్చాయి. ఆమె వాటిని చూసి దిద్దబోయి, వదిలేసింది.

మొదటి పూత ఆరితే గానీ రెండోది వేయకూడదు. ఆ ఖాళీలో ఈశ్వరి ఉరుము తెచ్చి నడుముకు కట్టుకుంది. పుల్ల తోలు మీద ఆనించి మెల్లగా రుద్దింది. గోడ నీడలో పడుకున్న కుక్క లేచి ఆకాశం వైపు చూసింది.

వీరేష్ సాక్సోఫోన్ అందుకున్నాడు. ఆమె వెంట పోబోయాడు. ఆమె దెబ్బ మార్చింది. అతను తప్పిపోయాడు. మళ్లీ దొరికాడు. ఈసారి ఆమె ఆగింది. ఆగిన చోటును అతను నింపలేదు. ఆ పూటకు అతను చేసిన తెలివైన పని అదొక్కటే.

“పర్వాలేదే హుక్కా,” అంది ఆమె, చెమట తుడుచుకుంటూ.

“సాయంత్రం వచ్చే చుట్టాలెవరు?”

“నన్ను చూసేకి. కణేకల్ వాళ్లు. కాలువ కింద భూమి. మంచోళ్లేనంట.”

“మరి ఉరుము?”

“ఈడనే మేకుకి తగిలిచ్చి రావల్లంట. వాళ్లింట్లో ఆడోళ్లు వాయించరంట.”

“నువ్వేమన్నావు?”

“నన్నెవురన్నా అడిగితే గదా అనేకి.”

ఆమె పుల్లను తోలు మీద ఊరికే ఒకసారి గీసింది. చిన్న గొణుగుడు వచ్చి ఆగిపోయింది.

వీరేష్ ఏదో ఒకటి అనాల్సిన చోటది. అతను సాక్సోఫోన్ తుడిచాడు. మగవాళ్లకు మాట రానప్పుడు చేతికి పని దొరుకుతుంది.

రెండో పూత అయింది. ఈశ్వరి సున్నపు దాక, ఈతపుల్ల అతని చేతికిచ్చింది. “గడప పక్కన చుక్కల ముగ్గు పెట్టు. నేను నీళ్లకి పోయొస్తా.”

అతను పుల్ల ముంచి ఒక గీత గీశాడు. గోడ తడిసింది, అంతే. తెలుపు పడలేదు. ఇంకోటి గీశాడు. అదీ అంతే. సున్నంలో నీళ్లు ఎక్కువ పోసింది అనుకున్నాడు. పడని సున్నంతో ఏం గీస్తే ఏం?

చేతికి భయం పోయింది. నడుముకు ఉరుము. వంపు పుల్ల. ఒక పక్కకు వాలిన తల, ముందుకు జారిన జడ. దాని పక్కన సాక్సోఫోన్ పట్టుకుని ఒకడు. వాడి మొహం వాద్యం వైపు లేదు. ఆమె వైపే. నోటితో చెప్పలేనిదంతా ఆ తడిలో గీసేశాడు.

వెనక బిందె చప్పుడైంది. ఈశ్వరి ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు.

“ఏం గీస్తాండావు?”

“ఏం లేదు. సున్నం పల్చగా ఉంది. ఏమీ పడటంలేదు.”

ఆమె గోడ వంక చూసింది. తర్వాత అతని వంక.

“అవును. పల్చగనే ఉండాది,” అంది. వేలు దాకలో ముంచి గోడ మీద ఒక చుక్క పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఎండ గోడ మీదికి తిరిగింది.

కణేకల్ వాళ్ల ఆటో ఆగేసరికి వీరేష్ తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. పెళ్లికొడుకు మేనమామ వెంకటప్ప ముందు దిగాడు. గడప దాకా వచ్చి ఆగిపోయాడు.

“ఎవురు మారెక్కా ఈ ఆడపిల్ల?”

మారెక్క ఎదురొచ్చి గోడ చూసింది. చేతిలో నీళ్ల చెంబు అట్లాగే ఉండిపోయింది. ఎర్రటి జాజు మీద, పాలలాంటి తెలుపులో, ఉరుము కట్టుకున్న ఈశ్వరి. పక్కన ఆమెనే చూస్తున్న హుక్కావాడు.

వీరేష్ తలెత్తాడు. తడి చేతులు అట్లాగే గాలిలో ఉండిపోయాయి.

అప్పుడు ఆకాశం ఉరిమినట్టయింది. వెంకటప్ప పైకి చూశాడు. మబ్బు లేదు.

“వానొస్తాదేమప్పా?”

“వాన కాదు వెంకటప్పా,” అన్నాడు బాలప్ప మంచంలో నుంచి. “నువ్వడిగినావు గదా ఎవురని. మా పాప లోపలినుంచి చెప్తాండాది.”

లోపల ఉరుము మళ్లీ గొణిగింది. వెంకటప్ప చెడ్డవాడు కాదు. తల ఊపాడు. “మా ఇంట్లో ఇది కుదరదు పెద్దాయనా. ముందే చెప్పినాం. కాఫీ వద్దులే అక్కా.” ఆటో తిరిగిపోయింది.

మారెక్క చెంబు వదిలి చీపురు అందుకుంది. “కడుగు! నీ చేతులిరగ, గోడంతా కడుగు!”

“ఆగే,” అన్నాడు బాలప్ప. “పెండ్లి పేరు చెప్పి పూసిన జాజు. పెండ్లి కాకుండా కడిగితే ఇంటికి చేటని ఊరందరికీ చెప్పేది నువ్వే గదా.”

మారెక్క చెయ్యి ఆగింది. నిజమే, అది ఆమె మాటే. పక్కింటి నారాయణమ్మ గోడ కడగబోతే ఈమే పోయి కొట్లాడి ఆపింది.

“అయితే ఊరంతా ఈ బొమ్మ చూస్తా ఉండల్లనా? ఎప్పుడు కడిగేది?”

“పెండ్లైనప్పుడు.”

“ఎవురితో?”

ఈసారి వీరేష్ చేతిలో తుడవడానికి ఏమీ లేదు.

“నేను కడుగుతానత్తా,” అన్నాడు. బాలప్ప వైపు తిరిగాడు. “మీరు సరేనంటే, మామా.”

బాలప్ప మంచం కిర్రుమనేలా నవ్వాడు. “పొద్దున పెదనాయన అన్న్యాడు! ఎండ దిగేలోపల మామనైపోయినా!”

“నవ్వద్దు నువ్వు,” అంది మారెక్క. “ఏమప్పా, మీది ఏ ఇల్లు?”

“మా తాత పెండ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు.”

“వాయించే ఇల్లు,” అన్నాడు బాలప్ప. “సాలు.”

“మరి దాని ఉరుము?”

“ఉరుము లేకుంటే నేను ఎవురితో వాయించేది అత్తా?”

మారెక్క చీపురు గోడకు ఆనించింది. గడపలో ఉరుముతో నిలబడిన కూతుర్ని చూసింది. ఇన్నాళ్లూ అడగనిది అడిగింది.

“నువ్వేమంటావే?”

ఈశ్వరి జాజు అలలను చూసింది. “పూసేది రాలేదు. కడిగేదన్నా వస్తాదేమో చూడల్ల.”

మారెక్క మొహం తిప్పుకుని లోపలికి పోయింది. కాసేపటికి కాఫీ గ్లాసుల చప్పుడు వినపడింది. చేసిన కాఫీ పారబోయడం ఆమెకు ఇష్టం ఉండదు.

వీరేష్ గోడ దగ్గరికి వెళ్లాడు. బొమ్మ ముక్కు మీద తెల్లటి ముక్కుపుడక మెరుస్తోంది. అది అతను పెట్టింది కాదు.

“ఈశ్వరీ, సున్నం ఆరితే తెల్లగా తేలుతాదని నీకి తెలుసా?”

“పుట్టినప్పటినించీ పూస్తాండా. తెలీకుండా ఉంటాదా?”

“మరి అప్పుడే ఎందుకు చెప్పల్యా?”

ఆమె ఉరుము భుజానికి తగిలించుకుంది.

“ఆరనీ అనుకున్న్యా.”