మందుల షాపులో బెండకాయలు

"పావుకిలో బెండకాయలు ఇస్తారా?"

సత్తుపల్లి బస్టాండు పక్కనున్న మెడికల్ షాపు ముందు నిలబడి జస్టిన్ అడిగిన మాట ఇది. చేతిలో గొడుగుంది గానీ తెరవడం మరిచిపోయాడు. జుట్టులోంచి కారిన వాన నీళ్లు ముక్కు చివరిదాకా వచ్చి ఆగుతున్నాయి.

కౌంటర్ వెనక అక్సా దగ్గుమందు సీసాలు సర్దుతోంది. బీఫార్మసీ చదివి బాబాయి షాపులో కూర్చున్నప్పటి నుంచి ఆమెను జనం రకరకాలవి అడిగారు. బెండకాయలు అడగడం ఇదే మొదలు.

"లేతవా, ముదురువా?" అంది తల తిప్పి.

ఆమె నవ్వుతుందనో తిడుతుందనో సిద్ధపడి వచ్చాడు జస్టిన్. ఈ ప్రశ్నకు మాత్రం సిద్ధంగా లేడు.

"లేతవే" అన్నాడు నీరసంగా.

"లేతవి అయిపోయినయ్ బ్రదర్. సంత రోజు రాన్రి. గప్పటిదాక జలుబు గోలీలున్నయి, తీస్కుంటరా? బాగ తడిసిన్రు."

వెనక నిలబడ్డ ముసలావిడ ముందుకు జరిగింది. "ఈడ కూరగాయలు గూడ పెట్టిన్రా బిడ్డా? నాకు నాలుగు వంకాయలియ్యి మరి."

జస్టిన్ అక్కడ ఇంకో క్షణం ఉంటే ఒట్టు. గొడుగు కౌంటర్ మీదే ఉండిపోయింది.

కుర్రవాడికి మతి పోయిందని తొందరపడి అనుకోకండి. అతను హోంవర్క్ చేస్తున్నాడు.

జస్టిన్ పెళ్లి వీడియోలు తీస్తాడు. వధూవరుల్ని గులాబీ పువ్వులో గుండ్రంగా తిప్పడంలో, హంసల మీద ఊరేగించడంలో అతనికి ఆ చుట్టుపక్కల పేరుంది. కెమెరా వెనకున్నంతసేపూ మహారాజు. నలుగురూ తనవైపు చూశారా, కాళ్లలో సత్తువ ఉండదు. ముదిగొండలో ఒక పెళ్లిలో ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరాడక, ప్రాణం పోతోందనుకుని వంటపాత్రల పక్కన కూలబడ్డాడు. ఆ తర్వాత ఖమ్మంలో ఈసీజీలు తీయించి తీయించి అలిసిపోయాడు. గుండె నిక్షేపంగా ఉందన్నారు. చివరికి ఒక పెద్ద డాక్టరు ఇది యాంగ్జైటీ అని, దీనికీ వైద్యం ఉందని చెప్పి మాత్ర రాశాడు. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుందని, తనను అడగకుండా ఆపొద్దని రెండుసార్లు చెప్పాడు. కౌన్సెలింగ్‌కి నాగలత మేడం దగ్గరికి పంపాడు.

నాగలత మేడం చాలా మెత్తగా మాట్లాడుతుంది, చాలా కష్టమైన పనులు చెబుతుంది. "జనం నవ్వుతారనే గదా నీ భయం? ఒకసారి నవ్వించి చూడు. ఏదన్న షాపుకు పోయి అక్కడ దొరకని వస్తువు అడుగు. ఎవరి ముందు పరువు పోవద్దనుకుంటవో, ఆ షాపుకే పో."

ఆమె మాట పూర్తయ్యేలోపే జస్టిన్ కళ్లముందు ఆ షాపు మెదిలింది. చర్చి పాటల బృందంలో అక్సా ముందు వరసలో నిలబడుతుంది. కిందటి క్రిస్మస్ వీడియోలో పాస్టరుగారి ప్రసంగం సగం రావడానికి, ఆ అమ్మాయి మాత్రం మొత్తం రావడానికి కారణమేమిటని సంఘంలో కొందరు అడిగారు కూడా. జూమ్ బటన్ చెడిపోయిందని చెప్పి తప్పించుకున్నాడు.

మర్నాడు గొడుగు కోసం వెళ్లాడు.

"గొడుగు కోసమా, సొరకాయ కోసమా?" అంది అక్సా.

ఇక దాచి లాభం లేదనిపించింది. "నాకు యాంగ్జైటీ ఉంది. ఖమ్మంల మందులు వాడుతున్న. కౌన్సెలింగ్ మేడం ఇట్ల అడగమన్నది" అని గబగబా చెప్పేసి, ఆమె మొహం మారడం కోసం ఎదురుచూశాడు.

మారింది. కోపంగా మారింది.

"మందులు యాడ కొంటున్నరు?"

"ఖమ్మంలనే."

"బస్సు కిరాయి పెట్టుకొనా? మా షాపుల గోలీలు ఎలుకలు కొరికినయా?"

"ఇక్కడ కొంటే చర్చి మొత్తానికి తెలుస్తదని..."

"చర్చి మొత్తం ఈడనే కొంటది బ్రదర్. ఎవరేం మింగుతున్నరో ఇప్పటిదాక మీకు చెప్పిన్నా?"

చెప్పలేదు. ఆ రోజు నుంచి జస్టిన్ ఖాతా సత్తుపల్లికి మారింది. హోంవర్క్ బాధ్యత అక్సా ఎవరూ అడగకుండానే మీద వేసుకుంది. గాజుల షాపులో సిమెంటు బస్తా అడిగించింది. క్షౌరశాలలో కోడిగుడ్లు అడగమని పంపితే, మంగలి లోపలికి వెళ్లి అరడజను తెచ్చిచ్చాడు. వాళ్లావిడ కోళ్లు పెంచుతోందట. ఇది లెక్కలోకి రాదని అక్సా తేల్చేసింది. జనం నవ్వారు, కాసేపటికి వాళ్ల పనుల్లో వాళ్లు పడ్డారు, జస్టిన్ బతికే ఉన్నాడు. లోపల మాత్ర దాని పని అది చేస్తోంది. రాత్రిళ్లు నిద్ర పడుతోంది.

ఒక సాయంత్రం వాన పట్టుకుని షాపులో ఇద్దరే మిగిలారు.

"నన్ను బ్రదర్ అనుడు మానరాదు?" అన్నాడు జస్టిన్.

"ఎందుకు బ్రదర్?"

"సిస్టర్‌ను పెండ్లి చేసుకోనియ్యరు గదా."

అన్నాక తనే బిత్తరపోయాడు. గుండె దడదడమంది. కానీ ఈ దడకు ఈసీజీ అక్కర్లేదని అతనికి తెలిసిపోయింది.

అక్సా మందుల అట్టను కాగితంలో చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది. "ఇది మేడం ఇచ్చిన హోంవర్కా?"

"కాదు. సొంతంగ చేసిన."

"అయితే దిద్ది చెప్త" అని దగ్గుమందు సీసాలవైపు తిరిగిపోయింది. నవ్వు కనబడకుండా తిరిగింది గానీ, అద్దాల బీరువాలో కనబడనే కనబడింది. ఆ తర్వాత బ్రదర్ పోయి నువ్వు వచ్చింది.

అంతా సవ్యంగా సాగుతుంటే చెడగొట్టడానికి శత్రువులెందుకు, కన్నతల్లి చాలు. జస్టిన్ వాళ్లమ్మ పుల్లమ్మ కొడుకు నవ్వడం చూసింది, ఈల వేయడం విన్నది. ఆమె చేసిన ఉపవాసాలకు లెక్కలేదు. ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యాలు చెప్పే వేళ కొంగు తలమీద కప్పుకుని లేచింది.

"నా కొడుక్కు స్వస్థత అయింది. ఇగ వాడు మందులు ముట్టేది లేదు. దేవునికి స్తోత్రం."

ఆమెన్ అని చర్చి మారుమోగింది. అందరికంటే గట్టిగా అన్నది సంఘపెద్ద సవరయ్య. ఆయన అక్సా తండ్రి. జస్టిన్ పాటల బృందంవైపు చూశాడు. అక్సా మందులు ఆపొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. అతను చూపు దించుకున్నాడు.

ఆ సంఘంలో చెప్పిన సాక్ష్యం చెప్పినట్టే. వెనక్కి తీసుకున్నవాళ్లు లేరు. ఇప్పుడు జస్టిన్ ఒక్క గోలీ మింగినా దేవుడి సన్నిధిలో వాళ్లమ్మ అబద్ధమాడినట్టే. మందుల్ని అటక మీదికి ఎక్కించాడు.

మొదట్లో బాగానే ఉందనుకున్నాడు. తర్వాత తల తిరగడం మొదలైంది, ఆ వెనకే పాత దడ. జూలూరుపాడు పెళ్లిలో పెళ్లికొడుకు తాళి ఎత్తగానే జస్టిన్ చేతులు వణికి కెమెరా కిందికి వాలిపోయింది. సీడీలో ముహూర్తమంతా పంతులుగారి కాలి బొటనవేలే ఉంది. పెళ్లివారు సత్తుపల్లి వచ్చి మరీ మర్యాద చేసి వెళ్లారు.

ఆ సంగతి విని అక్సా జస్టిన్ వీడియో స్టూడియోకి వచ్చింది.

"ఎవర్నడిగి ఆపినవ్?"

"అమ్మ సాక్ష్యం చెప్పింది గదా."

"చర్చికి చెప్పింది. నీ నరాలకు చెప్పలే. ఆపాల్నంటే డాక్టరు మెల్లగ తగ్గిస్తడు. ఉన్నపళంగ ఆపుతరా ఎవరన్న?"

"మళ్ల మొదలువెడ్త. ఎవరికీ తెల్వకుండ."

ఈసారి అక్సా గొంతులో అల్లరి లేదు. "నువ్వు గోలీ మింగుతవని నాకేం బాధ లేదు జస్టిన్. దాచుకొని మింగే ఇంట్ల మాత్రం నేనుండలేను. అబద్ధం యాడ చెప్పిన్రో ఆడనే సరిచెయ్యి. లేకపోతే నన్ను మరిచిపో."

ఆమె వెళ్లిపోయాక జస్టిన్‌కు ఏడుపొచ్చింది. నలుగురిలో నిలబడటమే తన జబ్బు. ఈ పిల్ల కోరింది సరిగ్గా అదే.

డాక్టరుకు ఫోన్ చేసి తిట్లు తిన్నాడు. మాత్ర మళ్లీ మొదలైంది. నాగలత మేడం మొదట ఇంట్లో చెప్పమంది. చెబితే పుల్లమ్మ కళ్లు తుడుచుకుంది. "మందిల నా మాట తీసేస్తవారా?" అని అటు తిరిగి పడుకుంది. ఆ తర్వాత అన్నం పెట్టింది గానీ పలకరించలేదు.

ఆదివారం వచ్చింది. సాక్ష్యాల వేళ జస్టిన్ లేచాడు. చెమటలు పట్టాయి, దడ మొదలైంది. మేడం చెప్పినట్టు దడను పోనీలే అని వదిలేసి నోరు తెరిచాడు.

"మా అమ్మ నా మీద ప్రేమతోటి తొందరపడ్డది. నాకు యాంగ్జైటీ ఉంది. మందులు వాడుతున్న, కౌన్సెలింగ్‌కు పోతున్న. వాటితోటే బాగైతున్న. మధ్యల ఆపి జూలూరుపాడోళ్ల పెండ్లి ఖరాబు చేసిన. గిప్పుడు మీ ముందల నా కాళ్లు వణుకుతున్నయి. ఐనా నిలబడ్డ. దేవునికి స్తోత్రం."

ఎక్కడా ఆమెన్ వినబడలేదు. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి పుల్లమ్మ లేచింది.

"మావోడు చెప్పిందే నిజం. నేను ఆనాడు పొద్దుగాల బీపీ గోలీ మింగొచ్చే, మందులెందుకని సాక్ష్యం చెప్పిన. దేవుడు నన్ను క్షమించాలె."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు, పాస్టరుగారితో సహా. జస్టిన్‌కు ఆ నవ్వు చల్లగా తగిలింది. ఎలాగూ నిలబడే ఉన్నాను కదా అనుకున్నాడేమో, ఆగలేదు.

"ఇంకొక మాట. అక్సాను పెండ్లి చేసుకోవాలనుకుంటున్న. సవరయ్య అంకుల్‌కు అభ్యంతరం లేకపోతే."

అక్సా పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. సవరయ్య మెల్లగా లేచాడు. ఆయన మీసం కదల్లేదు. "బయటికి రా" అని ముందు నడిచాడు.

వసారాలో చూరు నీళ్లు పడుతున్నాయి. చెంపదెబ్బ ఏ వైపు నుంచి వస్తుందోనని జస్టిన్ లెక్కలు వేసుకుంటున్నాడు.

"ఖమ్మం ఎప్పుడు పోతవ్?" అన్నాడు సవరయ్య.

"మంగళవారం అంకుల్."

ఆయన లోపలికోసారి చూసి గొంతు తగ్గించాడు. "అక్సా వాళ్లమ్మ పోయినకాన్నుంచి నాకు నిద్రలేదు. పండుకుంటే గుండె దడదడ. నేనే పోతే పిల్ల గతేందని. గట్టిగ ఆమెన్ అంటే తగ్గుతదేమోనని ఇన్ని ఏండ్లు చూసిన. తగ్గలే. నన్నూ తోల్కపో. పిల్లకు మాత్రం చెప్పకు."

పెళ్లి కావలసినవాడు మామగారి మాట కాదనడం కష్టమే. "తోల్కపోత గని, దాచుడు కుదరదంకుల్" అన్నాడు జస్టిన్.

"ఏంది కుదరదు?" అక్సా తలుపు దగ్గర నిలబడి ఉంది. "మంగళవారం యాడికి పోతున్నరు ఇద్దరు?"

సవరయ్య జస్టిన్‌ను చూశాడు. జస్టిన్ వానను చూశాడు.

"డాక్టరు దగ్గరికి బిడ్డా" అన్నాడు సవరయ్య చివరికి. "నాకే."

అక్సా కళ్లు నిండాయి. వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుని, "బాబాయిని షాపుల కూసోమంట. ముగ్గురం పోదాం" అంది.

సవరయ్య కండువాతో ముక్కు తుడుచుకుని, సంఘపెద్ద గొంతు మళ్లీ తెచ్చుకున్నాడు. "పెండ్లి మాటలు వచ్చేటప్పుడు మాట్లాడుకుందాం. పోయేటప్పుడు బస్సుల మీరిద్దరు వెనక కూసోన్రి, నేను ముందు సీట్ల కిటికీ పక్కన కూసుంట. వైరా దాటేదాక వెనకకు తిరగను."