తప్పు నాదేనన్న ఫోన్

పొద్దున్నే దర్జీ కొట్టు తలుపు తీశాక తండ్రి పేపరు చదవడం, తల్లి కుట్టుమిషనుకు నూనె వేస్తూ వినడం ఆ ఇంటి అలవాటు. కొట్టు ఆమెది. ఆయన కరెంటు పనులకు వెళ్లేలోపు వార్తలు వినిపించి వెళ్తాడు.

ఆ రోజు వార్త కంప్యూటరు గొంతుల గురించి. మనిషి ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడితే చాలు, ఆ గొంతును అచ్చుగుద్దినట్టు తయారుచేసి ఇంట్లోవాళ్ల దగ్గర డబ్బు గుంజుతున్నారట. ఇకమీదట ఎవరు ఫోన్ చేసినా ఇంటివాళ్లకు మాత్రమే తెలిసిన ప్రశ్న ఒకటి అడగాలని తండ్రి అన్నాడు.

"నాకు ప్రశ్నలెందుకండీ. గొంతు దొంగిలిస్తారు గానీ గుణం దొంగిలిస్తారా?" అంది తల్లి, సూదిలో దారం ఎక్కిస్తూ.

కూతురి గుణం వీధి మొత్తానికీ తెలుసు. తండ్రి ఆమెను మిరపకాయ అని పిలుస్తాడు. ఆఫీసు ఉద్యోగం మానేసి సిటీ బస్సు నడుపుతానన్న రోజున తల్లీకూతుళ్లు మాటా మాటా అనుకున్నారు. స్టీరింగు వదిలేదాకా గడప తొక్కవద్దని తల్లి అంది. తొక్కనని కూతురు స్నేహితురాలి గదికి వెళ్లిపోయింది. అప్పటినుంచి కబుర్లు తండ్రే అటూ ఇటూ మోస్తున్నాడు.

ఆయన పనికి వెళ్లాక ఫోన్ మోగింది. కొత్త నంబరు. గొంతు మాత్రం కూతురిదే.

"అమ్మా, నేనే. నా ఫోన్ పగిలింది, ఇది డిపోది. ఆ రోజు నోరు జారాను, తప్పు నాదే. ట్రైనింగ్ అయిపోయింది, రేపటినుంచి బస్సు నాకు అప్పగిస్తున్నారు. మొదటి ట్రిప్పులో నువ్వు ఎక్కాలి."

"ఎవరమ్మా నువ్వు?" అంది తల్లి. "బుద్ధెరిగాక నా కూతురు తప్పు నాదేనని ఒక్కసారీ అనలేదు. ఇంకో ఇల్లు చూసుకో."

ఫోన్ పెట్టేసి, ఆ నంబరు మళ్లీ మోగకుండా చేసింది. కొలతలివ్వడానికి వచ్చిన వాళ్లందరికీ దొంగను ఎలా పట్టుకుందో చెప్పింది. సాయంత్రానికి వీధంతా మెచ్చుకుంది.

తండ్రి మాత్రం విని, చెప్పులు విడవకుండానే నిలబడిపోయాడు. డబ్బు ఎంత అడిగారన్నాడు. అడగలేదు, బస్సెక్కమన్నారంది తల్లి.

"ఏ దొంగైనా బస్సెక్కమని ఫోన్ చేస్తాడుటే?"

తల్లి మిషను తొక్కడం ఆపేసింది. ఆ నంబరుకు తిరిగి చేస్తే, కూతురు అప్పటికే వెళ్లిపోయిందని డిపోలో ఎవరో చెప్పారు.

మర్నాడు కొట్టు తెరవకుండా ఇద్దరూ బస్టాండుకు వెళ్లారు. కూతురు యూనిఫాంలో బస్సు అద్దం తుడుస్తోంది. తల్లిని చూసీ చెయ్యి ఆపలేదు.

"ఎవరు కావాలండీ?"

"నా కూతురు."

"ఏ కూతురు? తప్పు ఒప్పుకునేదా, ఒప్పుకోనిదా?"

"ఒప్పుకోనిదాన్ని పెంచాను. ఒప్పుకునేది ఎప్పుడు తయారైందో నాకు తెలియలేదు."

కూతురు గుడ్డ బకెట్లో పడేసింది. "ఆ మాట అనడానికి ఎన్నాళ్లు ధైర్యం కూడదీసుకున్నానో తెలుసా? ఒప్పుకోకపోతే మొండిదాన్నంటావు, ఒప్పుకుంటే దొంగనంటావు. నేనెలా ఉంటే నమ్ముతావమ్మా?"

కంప్యూటరు మనిషిలా మాట్లాడుతుందంటే తల్లి ఒక్క పొద్దులో నమ్మింది. కన్న కూతురు మారుతుందని మాత్రం నమ్మలేకపోయింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"గడప తొక్కవద్దన్నది నేను. తప్పు నాది."

ఇది అసలు గొంతో కాదో ఒక ప్రశ్న అడిగి చూడమని తండ్రి కూతురికి సలహా ఇచ్చాడు. ఎంత బిగబట్టినా కూతురికి నవ్వు ఆగలేదు. తల్లి భుజం మీద తడి చెయ్యి వేసి, టైమవుతోంది ఎక్కమంది.

తల్లి డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. బస్సు రోడ్డెక్కాక వెనకనుంచి ఒకాయన, ఈ అమ్మాయి కొత్తలా ఉంది, ఇవాళ మనం చేరినట్టేనని పక్కవాడితో గొణిగాడు. తల్లి లేచి, కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగింది.

"భయమైతే వచ్చే స్టాపులో దిగు నాయనా," అంది. "నేను చివరిదాకా వెళ్తున్నాను."